పడమటి పక్క నుంచి వచ్చినవాళ్ళు

రేగడిపల్లె,
12 జూన్ 2025

చెల్లెలు శివానికి అన్న మహానంది రాయునది.

ఇక్కడ అందరం బాగున్నామని మొదట రాయాలి కాబట్టి రాస్తున్నాను. వాన ఒక పదును పడింది. నల్లచేలో కంది వేస్తున్నాను. మీ వదిన మోకాళ్ళ నొప్పులంటూనే నాకంటే ముందు చేనికి పోతోంది.

నీ చదువుకు కావాలని నువ్వడిగిన వీడియో ఈ కవరులోనే పంపిస్తున్నాను. కోడుమూరులో పెళ్ళిళ్ళకు డ్రోను ఎగరేసే ఫొటోగ్రాఫరు దగ్గర దొరికింది. పోయిన దసరాకు ఈరన్నగట్టు మీద కూడా ఎగరేశాడట. పెన్‌డ్రైవు చేతికిస్తూ "నువ్వు చూడొద్దన్నా. నీ తమ్ముడు పడేది గూడా ఉండాది దాంట్లో" అన్నాడు. నేను చూడలేదు. నువ్వెట్లా చూస్తావో నాకు తెలియదు. మనకున్నది ఒక్క తమ్ముడు.

మీ సారుకు జాతర గురించి చెప్పాలన్నావు కదా, రాస్తున్నాను. దసరా మరుసటి రోజు పొద్దున మూడు ఊళ్ళవాళ్ళం ఈరన్న పల్లకిని గట్టు మీది నుంచి కిందికి తెస్తాం. మిగతా ఊళ్ళవాళ్ళు దాన్ని లాక్కోవాలని వస్తారు. ఇటు కర్రలే, అటు కర్రలే. కర్ర కొసకు ఇనుప కట్టు ఉంటుంది. పగిలిన తలకు దేవుడి బండారు పసుపు పూసుకుని మళ్ళీ దిగుతారు. గట్టు మీద కారిన నెత్తురుకు కేసు ఉండదు. అది అందరూ ఒప్పుకున్న కట్టుబాటు. నా కుడి చెవి పోయింది కూడా అక్కడే, ఎడమది సగం పోయింది. నేనెవరి మీదా కేసు పెట్టలేదు.

మన తమ్ముడు ఈరేష్ తలలో వేలు దూరేంత గుంత పడింది. బండారు అద్దుతూనే ఉన్నాం, నెత్తురు వస్తూనే ఉంది. ఆస్పత్రికి పోదామంటే పెద్దమనుషులు "పల్లకి దిగేదాకా ఆగప్పా, దేవుడు దావలో ఉండాడు" అన్నారు. పల్లకి దిగింది. వాడు నా ఒళ్ళోనే పోయాడు.

తొక్కిసలాటలో పోయాడని ఊరంతా అంటుంది. నేను నమ్మను. నాకు ఒక్కటి కావాలి. ఎవడు కొట్టాడో చూసి చెప్పు. వాట్సాపులో రాయొద్దు, నా ఫోను పదిమంది చేతుల్లో తిరుగుతుంది. ఫోను చేసినా నాకు వినపడదు. జాబే రాయి.

మీ అన్న
మహానంది

బెంగళూరు,
27 జూన్ 2025

అన్నకు నమస్కారాలు.

పెన్‌డ్రైవు అందింది. చూశాను. మొదటి రోజు బాత్రూములో తలుపేసుకుని ఏడ్చాను. రెండో రోజు నుంచి పని మొదలుపెట్టాను. నువ్వు తిడతావని తెలుసు. నేను చూడకపోతే ఇంకెవరో చూసేవాళ్ళు. వాళ్ళకు ఈరేష్ ఒక చుక్క మాత్రమే.

నువ్వు అడిగింది నేను చెప్పలేను అన్నా. డ్రోను బాగా పైన ఎగిరింది. ముఖాలు కనపడవు. పసుపు పూసిన తలలు, కర్రలు, అంతే. ఒక్కో తలను ఒక చుక్కగా గుర్తుపెట్టి, ఆ చుక్క ఎటు కదిలిందో కంప్యూటరుకు చెబుతాను. నా పని అదే.

జొన్నకంకి పాలు పట్టే కాలంలో మన చేలమీద వాలే పిట్టల గుంపులు గుర్తున్నాయా? నువ్వు వడిసెల తిప్పితే ఈ కొసనున్న పిట్ట బెదిరి తిరిగేది. ఆ కొసనున్న పిట్టకు రాయి కనపడదు, అయినా అదీ తిరిగేది. ఒక్కో పిట్ట తన పక్కనున్న నాలుగైదింటినే చూస్తుంది. కానీ ఆ బెదురు ఒకదాన్నుంచి ఒకదానికి అంటుకుని గుంపంతా పాకుతుంది. దూరంగా ఉన్నవాటి మధ్య ఉండే ఈ పొంతన గురించే నేను చదువుతున్నది. గుంపు ఎంత పెద్దదైతే పొంతన అంత దూరం పోతుంది. చేపల్లో ఉంటుంది. మన గుండె కొట్టుకునే తీరులో కూడా ఉంటుంది. ఇప్పుడు కొట్టుకున్న దెబ్బకు, ఎప్పుడో వెనక కొట్టుకున్న దెబ్బకు సంబంధం ఉంటుంది.

గట్టు మీద కూడా అంతే. ఒకడికి దెబ్బ తగిలి వెనక్కి జరిగితే, చాలాసార్లు ఆ కుదుపు అక్కడే చచ్చిపోతుంది. ఎప్పుడో ఒకసారి అదే కుదుపు పెరిగి పెరిగి వందలమందిని బండల మీదికి తోసేస్తుంది. మొదలు చూసి ఏది చిన్నదో ఏది పెద్దదో ఎవరూ చెప్పలేరు. ఈరేష్ పడింది అలాంటి పెద్ద ఊపులోనే. ఎవడు కొట్టాడని అడిగితే, ఊపు కొట్టిందని చెప్పాలి.

ఒక్క వింత మాత్రం ఉంది. ఈరేష్ పడిన చోట ఆరుగురు ఉన్నారు. గుంపు కుడికి ఊగితే వాళ్ళు ఊగలేదు. ఎడమకు ఊగితే ఊగలేదు. అంత జనంలో గుంపుతో పొంతన లేనివాళ్ళు వాళ్ళే. మా సారు దాన్ని చూసి కుర్చీలోంచి లేచి నిలబడ్డారు. అదేమిటో ఇంకా తెలియాలి.

వదిన మోకాళ్ళను డాక్టరుకు చూపించు, కబుర్లు చెప్పొద్దు.

నీ చెల్లెలు
శివాని

రేగడిపల్లె,
8 జూలై 2025

శివానికి,

నీ జాబు మూడుసార్లు చదివాను. పిట్టల సంగతి నాకు అర్థమైంది. ఊపు కొట్టిందంటావు, అది మాత్రం అర్థం కాలేదు. ఊపుకు చేతులుంటాయా?

ఆ ఆరుగురి సంగతి చెప్పు. గుంపుతో కలవనివాడు గుంపులోకి ఎందుకొస్తాడు? దేవుడి కోసం వచ్చినవాడు పల్లకి ఎటు పోతే అటు పోతాడు. పల్లకిని వదిలేసి ఒక మనిషి చుట్టూ నిలబడినారంటే వాళ్ళు ఆ మనిషి కోసమే వచ్చారు. ఈ మాత్రం తెలియడానికి కంప్యూటరు అక్కర్లేదు.

కొత్తూరు నరసింహ నీకు గుర్తుండాలి. పోయినేడు మన ఈరేష్ మేకలు వాడి శనగచేలో పడ్డాయని కోడుమూరు సంతలో అందరి ముందు చెంప మీద కొట్టాడు. "గట్టు కాడికి రారా, ఆడ చూసుకుందాం" అని వీడు అన్నాడు. వాడు సరే అన్నాడు. ఇది సంతలో ఉన్నవాళ్ళంతా విన్నారు.

ఒకటే అడుగుతాను. ఆ ఆరుగురు ఏ పక్క నుంచి వచ్చారు?

మహానంది

బెంగళూరు,
19 జూలై 2025

అన్నా,

నీ జాబు చూసి నాకు కోపం వచ్చింది. నేను చుక్కల గురించి రాస్తే నువ్వు పేర్లు పెడుతున్నావు. చుక్కకు పేరు ఉండదు. నరసింహ ఈరేష్‌ను కొట్టిన మాట నిజమే, కానీ సంతలో చెంపదెబ్బకు ప్రాణాలు తీసేవాళ్ళు ఎంతమంది ఉంటారు? అలా అయితే మన ఊళ్ళో ఎవరూ మిగలరు.

అడిగావు కాబట్టి చెబుతున్నాను. వాళ్ళు పడమటి పక్క నుంచి, పెద్ద గుండురాయి దాటి వచ్చారు. దాన్ని బట్టి ఏమీ తేలదు. జనం నాలుగు పక్కల నుంచీ వస్తారు కదా.

ఉల్లి నాటావా లేదా రాయలేదు. కందిలో పురుగు చూసుకో.

శివాని

రేగడిపల్లె,
2 ఆగస్టు 2025

చెల్లెలు శివానికి,

ఆడపిల్లలు గట్టు ఎక్కరు కాబట్టి నీకు ఒక సంగతి తెలియదు. నువ్వు చదువుకున్నదాంట్లోనూ అది ఉండదు. జనం నాలుగు పక్కల నుంచి వస్తారన్నావు. రారు. ఒక్కో ఊరికి ఒక్కో పక్క ఉంటుంది. తాతల కాలం నుంచి అంతే. మనం తూర్పు. ఉత్తరాన కర్ణాటక ఊళ్ళు. పడమర పెద్ద గుండు పక్క ఒక్క కొత్తూరువాళ్ళే నిలబడతారు. ఇంకో ఊరివాడు ఆ పక్క కాలు పెడితే కాలు విరగ్గొడతారు.

నేను ఇన్నాళ్ళూ నిద్రపోలేదు శివానీ. నీ జాబు వచ్చిన రోజు నిద్రపోయాను.

ఈ ఏడు నేను కంకణం కట్టుకుంటాను. చెవి పోయినాక మానేశాను కదా, మళ్ళీ కట్టుకుంటాను. కర్రకు కొత్త ఇనుప కట్టు వేయించాను. నరసింహ కూడా వస్తాడు, ఏటా వస్తాడు. గట్టు మీద కారిన నెత్తురుకు కేసు లేదు. వాడికి ఏ కట్టుబాటో నాకూ అదే.

మీ వదినకు ఏమీ చెప్పొద్దు.

మీ అన్న
మహానంది

బెంగళూరు,
13 ఆగస్టు 2025

అన్నా, నీ కాళ్ళు పట్టుకుంటాను, ఈ జాబు పూర్తిగా చదువు.

నీ జాబు అందిన రోజు నుంచి వేరే పని ముట్టుకోలేదు. ఆ ఆరుగురిని మొదటి నుంచి చివరిదాకా మళ్ళీ చూశాను. ఇంతకు ముందు నేను వాళ్ళు కదిలారా లేదా అన్నదే చూశాను. ఎప్పుడు వచ్చారు, కర్రలు ఎటు పట్టుకున్నారు అన్నది చూడలేదు. ఇప్పుడు చూశాను.

ఈరేష్ పడిన తర్వాత వాళ్ళు వచ్చారు. ముందు కాదు, తర్వాత. వాడు పడేటప్పటికి వాళ్ళు పెద్ద గుండు దగ్గరే ఉన్నారు. వాడు కింద పడ్డాక జనానికి ఎదురు తోసుకుంటూ వచ్చారు. వచ్చి వాడి చుట్టూ నిలబడ్డారు. కర్రల కొసలు బయటికి ఉన్నాయి అన్నా, వాడి వైపు లేవు. వాళ్ళు వాడికి వీపు పెట్టి నిలబడ్డారు. గుంపు వచ్చి వాళ్ళను గుద్దుకున్న ప్రతిసారీ వాళ్ళు కదలకుండా నిలబడ్డారు, అందుకే వాళ్ళకు గుంపుతో పొంతన లేదు. ఒకడు పడిపోయి మళ్ళీ లేచాడు. మీరు తూర్పు నుంచి చేరుకునేదాకా ఈరేష్‌ను ఎవరూ తొక్కకుండా కాపాడింది వాళ్ళే. వాడు నీ ఒళ్ళో పోయాడంటే, నీ ఒళ్ళోకి వచ్చేదాకా వాడిని బతికించింది వాళ్ళు.

నేను ముందే ఇది చూడవలసింది. చూడకుండా వింత అని రాశాను. ఆ మాట వెనక్కి తీసుకుంటున్నాను. నువ్వూ ఆ కర్ర పక్కన పెట్టెయ్.

శివాని

రేగడిపల్లె,
5 సెప్టెంబరు 2025

శివానికి,

నువ్వు మంచి చెల్లెలివి. అన్న జైలుకు పోకూడదని ఎంత కష్టపడి రాశావో నాకు తెలుస్తూనే ఉంది.

కానీ నేనొకటి చెబుతాను, విను. జూన్‌లో రాసినప్పుడు నీకు భయం లేదు. నరసింహ మీద నా అనుమానం తెలియదు, పక్కల సంగతి తెలియదు. కళ్ళకు కనపడింది కనపడినట్టు రాశావు. ఆగస్టులో రాసినప్పుడు నీకు అన్నీ తెలుసు, భయమూ ఉంది. పంచాయితీలో కూడా మొదట చెప్పిన సాక్ష్యాన్నే పట్టుకుంటాం, ఇంటికి పోయి పెద్దవాళ్ళతో మాట్లాడి వచ్చి చెప్పినదాన్ని కాదు. ఒకే వీడియో. మొదట చంపేవాళ్ళు కనపడ్డారు, ఇప్పుడు కాపాడేవాళ్ళు కనపడుతున్నారు. మారింది వీడియో కాదు, నువ్వు.

చంపడానికి వచ్చినవాడు కూడా చుట్టూ నిలబడతాడు. ఎవరూ దగ్గరికి రాకుండా.

దసరాకు తొమ్మిది రోజుల ముందు గట్టుకు పోతాను. కంకణం కట్టుకున్నాక ఇల్లు తొక్కకూడదు. కంది బాగుంది. పురుగు లేదు.

మహానంది

రేగడిపల్లె,
29 సెప్టెంబరు 2025

అన్నా,

నేను ఊరికి వచ్చాను. గట్టు కింద దాకా వచ్చాను, అక్కడి నుంచి పైకి రానివ్వలేదు. "ఆడోళ్ళు ఈడ్నుంచి పైకి పోగూడదమ్మా, అపచారం" అన్నారు. అరిస్తే నీకు వినపడదు. నీకు అన్నం తెచ్చే మనిషి చేతికి ఈ జాబు ఇస్తున్నాను.

నిన్న కొత్తూరుకు పోయాను. నరసింహ ఇంట్లోనే ఉన్నాడు. నేను ఎవరినో చెప్పగానే మంచం మీది నుంచి లేచాడు. కుడిచెయ్యి భుజం దాకా లేవదు. అన్నం ఎడమచేత్తో తింటాడట, ఆయన భార్య చెప్పింది. పోయిన జాతరలోనే విరిగింది. ఆయన అన్న మాటలు ఆయన అన్నట్టే రాస్తున్నాను.

"ఈరేషు కిందబడినాడమ్మా. సంతలో నేను కొట్టినోడే, నాకు శానా కోపం వాని మీద. కానీ కిందబడినోడిని చూసి మా ఊరోడా మీ ఊరోడా అని యాడ చూస్తాం? తొక్కేస్తాండారు. మావోళ్ళను కేకేసి అడ్డం పోయినాను. మీ అన్న వచ్చి ఎత్తుకున్నాడు. నాకు దండం గూడా పెట్టలేదు, ఆయప్పకు ఆ పొద్దు కండ్లు కనపడలేదు."

ఈ ఏడు గట్టుకు పోవద్దని బతిమాలాను. కారణం కూడా చెప్పాను. నవ్వాడు. "మొక్కుకున్నాను తల్లీ, మావోళ్ళకు రేపు కంకణం కడతారు. మహానందికి తెలుస్తాదిలే, ఎదురుగా నిలబడితే" అన్నాడు.

అక్కడి నుంచి పోలీసు స్టేషను దాకా పోయాను. గేటు దగ్గర నిలబడి తిరిగి వచ్చేశాను. నా అన్న మీద నా చేత్తో రాసివ్వలేకపోయాను. ఆ పని నాతో చేయించకు. కర్ర పారేసి కిందికి దిగు.

శివాని

(ఆ జాబు వెనుక వైపు)

అన్నం అందింది. నువ్వు అక్కడికి పోవడం తప్పు, అయినా మంచిదే జరిగింది. చెయ్యి విరిగిందన్నావు కదా. నా తమ్ముడు ఊరికే చావలేదన్నమాట, వాడి చెయ్యి విరగ్గొట్టి పోయాడు. నాకు ఇదొక్కటే తెలియక ఇన్నాళ్ళూ బాధపడ్డాను. నువ్వు బెంగళూరుకు పో.

మహానంది

కర్నూలు, జైలు నుంచి,
26 అక్టోబరు 2025

చెల్లెలు శివానికి,

ఇక్కడ రాసే జాబు వాళ్ళు చదివి పంపుతారట. అందుకే దీన్ని నన్ను చూడడానికి వచ్చిన మీ వదిన చేతికిస్తున్నాను.

పల్లకి సగం గట్టు దిగింది. నేను తూర్పు పక్క వదలకుండా జనంతోనే ఉన్నాను. తోస్తే పోయాను, లాగితే వచ్చాను. నా భుజం మీద రెండు దెబ్బలు పడ్డాయి, ఎవరివో చూసుకోలేదు. పెద్ద ఊపు ఒకటి వచ్చి మమ్మల్ని గుండు దాకా తోసింది. నరసింహ అక్కడే ఉన్నాడు. కర్ర ఎడమచేతిలో ఉంది. నన్ను చూసి కర్ర కిందికి దించాడు. నోరు కదిలింది, నాకేమీ వినపడలేదు. నేను కొట్టాను. చెవి మీద తగిలింది. ఇనుప కట్టు లోపలికి పోయింది. బయటికి లాగడానికి నేను కాలు పెట్టి తన్నవలసి వచ్చింది. నెత్తురు నా నోట్లోకి చిమ్మింది. మళ్ళీ ఎత్తాను, మళ్ళీ కొట్టాను. ఎన్నిసార్లో నాకు తెలియదు.

అప్పుడు ఎవరో వచ్చి నన్ను తోశారు. మన ఊరి ఏసన్న కొడుకు. వాడి వెనక కొత్తూరువాళ్ళు, ఇంకెవరో కర్ణాటకవాళ్ళు కూడా. వచ్చి పడినవాడి చుట్టూ వీపు పెట్టి నిలబడ్డారు. కర్రలన్నీ నా వైపు ఉన్నాయి. మన ఊరివాడి కర్ర కూడా.

అప్పుడు నాకు తెలిసింది. నువ్వు ఆగస్టులో రాసింది రాసినట్టే నా ముందు నిలబడింది. ఇంకేమి రాయమంటావు?

మూడో రోజు పెద్దాస్పత్రిలో పోయాడు. వాడి భార్య కట్టుబాటును లెక్కచేయలేదు. పెద్దమనుషులు ఇంటి ముందు కూర్చుని వద్దన్నా వినకుండా స్టేషనుకు పోయి నా పేరు రాసిచ్చింది. గట్టు మీద నెత్తురుకు మొదటిసారి కేసు పడింది, అది నా మీద.

వకీలు వచ్చాడు. తొక్కిసలాటలో తగిలిందని చెబుదామంటాడు. చూసినవాళ్ళు ఎవరూ నోరు విప్పరు. ఈ ఏడు కూడా డ్రోను ఎగిరిందట. నీ చదువు సంగతి మీ వదిన అతనికి చెప్పింది. నేను గుంపుతో కలిసి కదిలానని నీ కంప్యూటరు చెబితే కేసు నిలవదంటాడు. చూసి చెప్పు. మీ వదిన ఒంటరిది, కంది కోతకు వచ్చింది. నేను నిజం అడగడం లేదు శివానీ. ఇంటికి రావడానికి దారి అడుగుతున్నాను.

మహానంది

బెంగళూరు,
18 నవంబరు 2025

అన్నకు,

కందికి మనుషులను పెట్టాను. వదినకు తోడుగా నేను సంక్రాంతి దాటేదాకా అక్కడే ఉంటాను. సెలవు పెట్టాను. ఇంటి గురించి దిగులు పెట్టుకోవద్దు.

ఈ ఏటి వీడియో వకీలు పంపాడు. చూశాను. నిన్ను కనిపెట్టడానికి రెండు రోజులు పట్టింది. దొరికిన తర్వాత కూడా అది నువ్వేనా అని అనుమానం వచ్చింది. ఎందుకంటే నీ చుక్కకు, పక్కనున్న వందల చుక్కలకు ఏ తేడా లేదు. గుంపు ఊగితే ఊగావు, ఆగితే ఆగావు. గుండు దాకా ఊపులోనే పోయావు. కర్ర ఎత్తినప్పుడు చుట్టూ అన్ని కర్రలూ లేచే ఉన్నాయి. లెక్క వేసి చూస్తే గుంపుతో నీకున్నంత పొంతన ఇంకెవరికీ లేదు. వేరుగా కనపడినవాళ్ళు ఏసన్న కొడుకు, వాడితో వచ్చినవాళ్ళు, వాళ్ళే. అంటే నా కంప్యూటరును అడిగితే నువ్వు నిర్దోషివి. మా సారు కూడా సరిచూశారు. లెక్కలో తప్పు లేదన్నారు.

వకీలుకు ఈ మాట చెబితే ఫోనులోనే ఎగిరి గంతేశాడు. సాక్షిగా రమ్మన్నాడు. వస్తానన్నాను.

ఇన్నేళ్ళు చదివి నేను తెలుసుకున్నది ఇంతే అన్నా. గుంపుకు ఎదురు నిలబడినవాడే నా లెక్కలో కనపడతాడు, చంపేవాడు కనపడడు. వాడు అందరిలాగే కదులుతాడు. మొదటిసారి నేను కనపడినవాళ్ళను చూసి వింత అన్నాను, నువ్వు హంతకులన్నావు. ఇద్దరమూ కలిసి ఒక మంచి మనిషిని చంపాము. కర్ర నీది. నేను స్టేషను గేటు దగ్గర నుంచి తిరిగి వచ్చినదాన్ని.

కోర్టులో ఆ చుక్కల బొమ్మ చూపిస్తాను, దాస్తే అది ఇంకో అబద్ధం అవుతుంది. అది ఏమి చెబుతుందో చెబుతాను. ఆ తర్వాత అది చెప్పలేనిది నేను చెబుతాను. ఆగస్టులో నువ్వు నాకేమి రాశావో, సెప్టెంబరులో ఏమి రాశావో, నరసింహ నాతో ఏమన్నాడో అన్నీ చెబుతాను. వకీలుకు ఇది తెలియదు. నీకు తెలియాలి.

నువ్వంటే నాకు ఇప్పటికీ ప్రాణమే. నన్ను భుజాన ఎక్కించుకుని బడికి తీసుకుపోయింది నువ్వే. ఈ జాబు రాస్తూ ఎన్నిసార్లు ఆపానో నాకే తెలుసు. అయినా మార్చను.

వాయిదా రోజు వదిన వస్తుంది, నీ పక్క కూర్చుంటుంది. నేను నరసింహ భార్య పక్కన కూర్చుంటాను. నువ్వు నా అన్నవు కాబట్టి ముందుగా చెబుతున్నాను.

నీ చెల్లెలు
శివాని